కీమన్ అన్న వేసిన గుట్ట ప్లాను

మా నాచారం పార్కులో పొద్దున్నే నడిచేవాళ్లలో తల దించుకుని నడిచే మనిషి ఒక్కడే ఉండేవాడు. మిగిలినవాళ్లు ఫోనులోకో, ఎదుటివాళ్ల పొట్టల వైపో చూస్తూ నడిచేవాళ్లు. ఆయన మాత్రం కాళ్ల ముందు రెండు గజాల నేల మీదే చూపు పెట్టి, దారిలో తగిలిన ప్రతిదాన్నీ చేతికర్రతో ఒకసారి తట్టి, తల పక్కకు వంచి ఆ చప్పుడు విని, అప్పుడు ముందుకు కదిలేవాడు. బెంచీ కాలు, నీళ్ల పైపు, ఊయల గొలుసు, గేటు మడతబందు, దేన్నీ వదిలేవాడు కాదు. మొన్న వానాకాలంలో ఆయన పోయాడని మా వాకర్స్ గ్రూపులో మెసేజీ వస్తే దండం పెట్టే చేతుల బొమ్మలు బారులు తీరాయి. ఆయన అసలు పేరు చాలామందికి ఆ రోజే తెలిసింది. అంతవరకూ ఆయన అందరికీ కీమన్ అన్నే.

కీమన్ అనేది రైల్వేలో ఒక ఉద్యోగం. భుజాన సుత్తి, చేతిలో స్పానరు పట్టుకుని రోజూ కొన్ని కిలోమీటర్లు పట్టాల వెంట ఒంటరిగా నడవాలి. పోయేటప్పుడు ఒక పట్టా చూసుకుంటూ పోవాలి, వచ్చేటప్పుడు రెండో పట్టా చూసుకుంటూ రావాలి. పట్టాను పట్టి ఉంచే ఇనుప బిగింపును కీ అంటారు, అది వదులైతే కొట్టి బిగించాలి. నిన్న గట్టిగా ఉంది కదా అని ఇవాళ వదిలేయడానికి లేదు. ఆయన ఘట్‌కేసర్ లైను మీద ముప్పై ఏళ్లకు పైగా ఇదే పని చేశాడు. రిటైరయ్యాక పట్టాలు లేక మా పార్కు మీద పడ్డాడు.

నా సంగతి కూడా చెప్పాలి. ఒక సర్కారు ప్రయోగశాలలో స్టోర్స్ చూసి రిటైరైనవాణ్ణి. పది బల్బులు కావాలని చీటీ వస్తే, ఎనిమిది సరిపోతాయేమో, మిగతా రెండూ ఎవరింటికి పోతాయో అని ఆలోచించడమే నా ఉద్యోగం. ఆ గుణం ఒంట్లో ఇంకిపోయింది. అద్దంలో చూసుకున్నా ఈయనెవరబ్బా అని ఓసారి ఎగాదిగా చూస్తానని మా ఆవిడ అంటుంది. అలాంటి నాకు, రోడ్డు మీద దొరికిన మేకులూ నట్లూ బోల్టులూ ఏరి జేబులో వేసుకునే మనిషి కనిపిస్తే ఏమనిపిస్తుంది? పాత ఇనుము కొట్టుకు అమ్ముకుంటున్నాడనే అనుకున్నాను. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

ఆయన అరచేతిలో ఒక బోల్టు పెట్టి నా ముందుకు చాపాడు. "గిది యాడికెల్లి ఊడిందో సార్. ఊడిన కాడ ఏదో ఒకటి ఊగుతుంటది." అంతే. దొరికిన బోల్టు మీద ఆయనకు ఆశ లేదు, అది ఊడిన చోటు మీదే దిగులు. ఆ వారంలోనే మాలో కాస్త భారీగా ఉండే ఒకాయన్ని బెంచీ మీద నుంచి "జర లేవుండ్రి సార్" అని లేపి, బెంచీ కాలు పట్టుకుని కదిపితే అది చేతికి ఊడి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ముందే వదులు చేసి పెట్టాడేమో అనుకున్నాను. నా బుద్ధి అలాంటిది.

పోయిన చలికాలంలో ఆయనే గుట్ట మాట ఎత్తాడు. నడక అయ్యాక గేటు దగ్గర అరుగు మీద అందరం కూర్చున్నాం. ఆయన ఎప్పటిలా నేలను చూస్తూనే అన్నాడు. "నారపల్లి అవుతల గుట్టల వరసుంది. ఒక గుట్ట మీదికెల్లి ఇంకో గుట్ట మీదికి బాటుంది. పొద్దుగాల ఎక్కి, నెత్తి మీదనే నడుసుకుంట పోయి, మాపటికల్లా ఆ కొసకు దిగొచ్చు. ఒక్క దినం. అందరం పోదమా?"

పార్కులో గుండ్రంగా తిరిగి తిరిగి విసుగెత్తినవాళ్లం. సరే అన్నారు. అక్కడికక్కడే పద్దెనిమిది పేర్లు లేచాయి. అందులో ఏడుగురు ఆడవాళ్లు. బోడుప్పల్‌లో ఫ్లాటు కొనుక్కుని మా పార్కుకు స్కూటర్ మీద వచ్చే ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి, "అన్నా, మ్యాపుల రూటంతా ఉన్నది, గ్రూపుల పెడ్త" అని ఫోను తీశాడు.

"గా ఫోను ఆ బాటెంట నడిసిందా తమ్మీ?" అన్నాడు కీమన్ అన్న. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. నడవలేదని తేలాక తనే బస్సెక్కి పోయి నడిచి వచ్చాడు. ఒకసారి కాదు, మూడు ఆదివారాలు. వచ్చిన ప్రతిసారీ ప్లాను మారేది. రెండో గుట్ట దిగేచోట రాయి కదులుతుందని దారి మార్చాడు. పన్నెండు గంటలకు నీడ ఎటు పడుతుందో చూసుకుని అన్నాల చోటు మార్చాడు. తేనెతుట్టె ఉందని ఒక బండ మొత్తానికి బండనే ప్లానులోంచి తీసేశాడు.

ఇక మనుషుల మీద పడ్డాడు. ఒక నోటుబుక్కు పట్టుకుని ఒక్కొక్కర్నీ పక్కకు పిలిచి అడిగేవాడు. బీపీ ఉందా, షుగరుందా, గోలీలు ఏవేళ వేసుకుంటారు, ఇంట్లో ఎవరుంటారు, వాళ్ల ఫోను నంబరెంత. నీళ్ల సీసాలున్న సంచీ భుజాన వేసి పార్కు చుట్టూ నాలుగు రౌండ్లు తిప్పేవాడు. చెప్పులు, బూట్లు విప్పించి అడుగు భాగం వంచి చూసేవాడు. నేను ఈ యాత్ర కోసమని కొత్త బూట్లు కొనుక్కుని వెళ్తే, వాటిని చేతిలోకి తీసుకుని, మడిచి, వేలితో అడుగు గీకి తిరిగి ఇచ్చేశాడు. "గివి ఏఎస్ రావు నగర్ నున్నటి రోడ్ల మీద నడుస్తయి సార్. గుట్ట మీద జారుతయి." నలుగురూ నవ్వారు. ఆ నవ్వు నాకు లోపల గుచ్చుకుంది.

సరిగ్గా అక్కడే నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు పట్టుకున్న ఎవరికైనా తెలిసిన సంగతే, ఆదివారం పూట పదిమందిని పోగేసి నారపల్లి వైపు తీసుకుపోయేవాడు దేనికి తీసుకుపోతాడు? ప్లాట్లు చూపించడానికే. ఏసీ బస్సు, బిర్యానీ పొట్లం, రంగుల బ్రోచరు, చివర్న ఒక సంతకం. మేమూ ఒకప్పుడు ఆ బస్సు ఎక్కినవాళ్లమే. ఆ పుణ్యాన బోడుప్పల్ అవతల మాకో ప్లాటు ఉంది. వానలు పడితే అందులో బాతులు ఈదుతాయి. ఎండాకాలంలో చూపించినవాడు అది చెరువు శిఖమని, చెరువు నిండితే మునిగే నేలని చెప్పలేదు. అప్పట్నుంచీ నారపల్లి అంటే చాలు, ఒళ్లు భగ్గుమంటుంది. మరి ఈయన ఎవరినీ ఏమీ అడగకుండా, తన ఖర్చులతో మూడుసార్లు ఆ గుట్టలకు ఎందుకు పోయి వస్తున్నట్టు? ఇంట్లోవాళ్ల ఫోను నంబర్లు దేనికి?

రుజువు దానంతటదే ఎదురొచ్చింది. ఒక గృహప్రవేశానికి ఆటోలో నారపల్లి పోతుంటే, ఒక వెంచరు ఆర్చీ కింద కీమన్ అన్న కనిపించాడు. టై కట్టుకున్న ఏజెంటు ఆయన భుజం మీద చేయి వేసి నవ్వుతున్నాడు. ఆయన చేతిలో బ్రోచర్లు. ఏజెంటు జేబులోంచి ఒక తాళంచెవి తీసి ఇస్తే ఆయన రొండిన దోపుకున్నాడు. ఆటో ఆపి పలకరించవచ్చు. నేను ఆపలేదు. దొరికాడులే అనుకున్నాను, నిజం చెప్పాలంటే సంతోషంగానే అనుకున్నాను.

మర్నాడు పార్కులో ఆయన దారి పటం చూపించాడు. పెన్సిలుతో ఎంత ముద్దుగా గీశాడో! ఎక్కేచోటు, ఆగేచోటు, రాయి కదిలేచోటు, గాలి ఎక్కువుండేచోటు. కాగితం తిరగేస్తే వెనక వెంచరు లేఅవుటు. కార్నర్ బిట్లు ఎర్ర రంగులో. నేను ఏమీ అనలేదు. ఇంటికొచ్చి కాఫీ కూడా తాగకుండా గ్రూపులో పెట్టాను. "మిత్రులారా, మన గుట్ట యాత్ర వెనక ఒక వెంచరు ఉన్నట్టు నాకు తెలిసింది. ఇది సైట్ విజిట్. ఎవరూ అడ్వాన్సులు ఇవ్వవద్దు, సంతకాలు పెట్టవద్దు." చదివి మా ఆవిడ అంది, "తెలిసిందా, అనుకున్నారా?" రెండూ ఒకటే అన్నాను.

కీమన్ అన్నది బటన్ల ఫోను. గ్రూపులో ఏముందో ఆయనకు తెలిసే దారి లేదు. మొహం మీద అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు, నాకసలే లేదు. కాబట్టి ఒక్కొక్కరే జారుకున్నారు. ఒకరికి మోకాలు నొప్పి, ఒకరికి చుట్టాలు, ఒకరికి మాఘమాసం పెళ్లిళ్లు. ముందుగా ఆడవాళ్లు మానుకున్నారు. పేరు కొట్టేసిన ప్రతిసారీ ఆయన ప్లాను సవరించుకునేవాడు. "దూరం ఎక్కువైనట్టున్నది సార్. మొదటి గుట్ట ఇడిసిపెడ్దమా?" అని నన్నే సలహా అడిగాడు. ఇంకోరోజు, "ఎండకు భయపడ్తున్నరేమో. ఇంకో గంట ముందుగాల బయలెల్లుదమా?" అన్నాడు. భలే నటిస్తున్నాడని మనసులో అనుకున్నాను. ఆయన తప్పంతా తన ప్లానులోనే వెతుక్కుంటున్నాడని నాకు తట్టనే లేదు.

అనుకున్న ఆదివారం నేను వెళ్లాను. గుట్ట ఎక్కడానికి కాదు, పట్టుకోవడానికి. ఏజెంటుతో ఆయన మాట్లాడుతుంటే ఫొటో తీసి గ్రూపులో పెడదామని ఫోను నిండా చార్జింగు పెట్టుకుని మరీ వెళ్లాను. ఉప్పల్‌లో ఫ్లైఓవర్ స్తంభాల కింద, బస్సులు ఆగే చోట ఆయన ఒక్కడే నిలబడి ఉన్నాడు. భుజాన సంచీ, చేతిలో చుట్టిన రెండు జెండాలు, ఒకటి పచ్చది, ఒకటి ఎర్రది. నన్ను చూడగానే ఆయన మొహం ఎంత వెలిగిందంటే, నాకు చిరాకేసింది. ముప్పావుగంట ఆగాం. ఇంకెవరూ రాలేదు.

"ఇద్దరం అయితిమి" అని నోటుబుక్కులో రాసుకుని బస్సెక్కాడు.

నారపల్లిలో దిగి మట్టిరోడ్డున నడిస్తే ఆ వెంచరు ఆర్చీ వచ్చింది. టై కట్టుకున్న ఏజెంటు పక్కనున్న ఆఫీసు మెట్ల మీద నుంచి దిగి వచ్చాడు. నేను జేబులో ఫోను మీద చేయి వేశాను.

"అన్నా, లేడీస్ ఎంతమంది?" అని అడిగాడు ఏజెంటు.

"లేరు బిడ్డా. ఇగో నీ తాళంచెవి" అని రొండిలోంచి తీసి ఇచ్చాడు కీమన్ అన్న.

"అయ్యో, నిన్ననే వాచ్‌మన్‌తోని కడిగిపిచ్చిన గదన్నా. సబ్బు గిట్ల వెట్టిచ్చిన."

"ఏం తాళంచెవి?" అన్నాను నేను.

ఆయన ఏదో తప్పు చేసినవాడిలా గొంతు తగ్గించాడు. "బాత్రూముది సార్. మొగోళ్లం మనకేముంది, ఏ రాయి సాటుకన్న పోతం. ఆడోళ్లు ఏడుగురు వస్తమన్నరు గద. దినమంత గుట్ట మీద ఉండాల్నంటె వాళ్లు నీళ్లు తాగుడే బంద్ జేస్తరు. మా పట్టాల గ్యాంగుల పనిజేసిన ఆడోళ్లను సూసిన, ఎండల పొద్దంత నోరు తడుపుకోకపోతుండె. అందుకే ఎక్కేకాడ ఇక్కడొకటి, దిగేకాడ కోళ్లఫారంల ఒకటి మాట్లాడి పెట్టిన." ఏజెంటు వైపు చూపిస్తూ, "ఈ పోరడు మంచోడు. కాయితాలు గూడ ఊకెనే ఇచ్చిండు, ఎనకదిక్కు తెల్లగున్నయి గద అని" అన్నాడు.

ఆ మాటతో నాకు తల కొట్టేసినట్టయింది. ఫోను జేబులోనే ఉండిపోయింది.

గుట్ట ఎక్కాం. ఇద్దరమే అయినా పద్ధతి పద్ధతే. పచ్చజెండా నాకిచ్చి ముందు నడవమన్నాడు, ఎర్రజెండా తను పట్టుకుని వెనక నడిచాడు. ముందున్నవాడు దారి బాగుంటే పచ్చది ఊపాలట, వెనకున్నవాడు ఎవరైనా ఆగిపోతే ఎర్రది ఎత్తాలట. ఆగిపోవడానికి మా ఇద్దరి మధ్య ఎవరూ లేరు. సీతాఫలం పొదలు, తంగేడు, కాళ్ల కింద గరగరలాడే సన్న రాయి. వెనక నుంచి ఆయన కర్ర చప్పుడు ఆగకుండా వినిపిస్తూనే ఉంది. నా బూట్లు రెండుచోట్ల జారాయి. రెండుసార్లూ ఆయన చేయి నా మోచేతి కింద ఉంది. నేను జారక ముందే ఎలా వచ్చిందో తెలియదు.

మూడో గుట్ట నెత్తిన గాలి బాగా వీస్తోంది. ఎడమవైపు దూరంగా రైలు పట్టాలు ఎండకు మెరుస్తున్నాయి. ఆయన సంచీ దించి నిలబడ్డాడు.

"గది నా లైను సార్. దినాం ఆడ నడుసుకుంట ఈ గుట్టల కిందికెల్లి పోతుంటి. తలెత్తి సూడాల్నని మస్తుండె. డ్యూటీల తలెత్తుడు ఉండదు. ఒక్క కీ మర్సిపోతె వెయ్యిమంది పాణం. రిటైరైతె పైకెక్కుదమనుకున్న. ఒక్కన్నే ఎక్కబుద్ధి గాలే. ముప్పై ఏండ్లు ఒక్కన్నే నడిస్తి. పదిమందితోని నడవాల్ననుకున్న."

అన్నాలు తిన్నాం. ఆయన భార్య పద్దెనిమిది మందికి సరిపోయేలా పులిహోర కలిపి పంపింది. వద్దన్నా వినలేదట, చివరి నిమిషంలో వస్తారేమో అందట. ఇద్దరం తినగా మిగిలింది తర్వాత కోళ్లఫారం వాళ్లకు ఇచ్చాం. తింటూ తింటూ ఆయన అడిగాడు. "సార్, మీరు సదువుకున్నోళ్లు. నేనేమన్న తప్పు జేసిన్నా? ఒక్కలు గూడ ఎందుకు రాలే?"

చెప్పవలసిన చోటు అదే. గుట్ట మీద ఇద్దరమే ఉన్నాం. చెప్పినా ఆయన నన్ను కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. నేను, "పెళ్లిళ్ల రోజులు కదా అన్నా" అన్నాను. ఆయన కాసేపు తల పక్కకు వంచి నా వైపు చూశాడు, బోల్టును తట్టి చప్పుడు విన్నట్టు. తర్వాత "అవు, ముహూర్తాలున్నయి" అని నోటుబుక్కు తీసి, ముహూర్తాలు లేని ఆదివారం ఏదో నన్నే అడిగి రాసుకున్నాడు. ఆయనకు తెలిసిపోయిందేమోనని నాకు ఇప్పటికీ అనుమానమే.

మర్నాడు గ్రూపులో చాలామంది అడిగారు, "ఎలా ఉంది సార్ సైట్?" అని. నేను "గుట్ట బాగుంది" అని మాత్రం పెట్టాను. నాదే తప్పని రాస్తే ఇంతమందిలో నా మాటకు విలువేముంటుంది అనుకున్నాను. వాళ్లే నెమ్మదిగా మర్చిపోతారులే అనుకున్నాను. ఆ రెండో ఆదివారానికి ఒక్క పేరూ రాలేదు. తర్వాత ఎండలొచ్చాయి. ఆయన మళ్లీ గుట్ట మాట ఎత్తలేదు. తల దించుకుని, కర్రతో తడుతూ, ఎప్పటిలాగే తిరిగాడు. వానలు మొదలైన నెలలో ఒకరోజు రాలేదు, రెండో రోజు మెసేజీ వచ్చింది.

నేను దశదినకర్మకు వెళ్లలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పాను. అది జరిగిన వారానికి ఆయన భార్య మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నేను ఆమెను అంతకుముందు చూడలేదు. బక్కపలచని మనిషి. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"మీరేనా సార్ ఆయనతోని గుట్టకు పోయింది?"

నేనే అన్నాను.

"ఆయనకు ఆడ ప్లాటున్నదా సార్?"

ఆమే చెప్పుకుపోయింది. కర్మ భోజనాల దగ్గర పార్కు ఆడవాళ్లలో ఒకావిడ, అన్న నారపల్లిలో ప్లాట్లు ఇప్పించేవారట కదా, మీకూ ఒకటి ఉండే ఉంటుంది అందట. ఆ మాట కొడుకుల చెవిన పడింది. "పెద్దోడు పెట్టెలన్ని ఎతికిండు. ఇనుప ముక్కలు దప్ప ఏం లెవ్వు. కాయితాలు నువ్వే దాసినవని చిన్నోని మీద పడ్డడు. చిన్నోడు ఇంట్లకెల్లి ఎల్లిపోయి నాలుగు దినాలాయె. నాకు గూడ మనసుల పురుగు వడ్డది సార్. నాకు జెప్పకుండ ఎవరికన్న రాసిచ్చిండా, ఇంకెవరన్న ఉన్నరా అని. గిన్నేండ్లు కాపురం జేసి, సచ్చిపోయినోన్ని అనుమానపడ్తున్న."

అప్పుడు చెప్పాను. ఆటో, ఆర్చీ, తాళంచెవి, నేను గ్రూపులో పెట్టింది, బాత్రూము సంగతి, గుట్ట మీద ఆయన అడిగింది, నేను చెప్పిన అబద్ధం, అన్నీ. లోపలి గదిలో మా ఆవిడ ఏదో సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది. గుట్ట దగ్గర జరిగింది ఆమెకు కూడా అప్పుడే తెలిసింది. ఆయన భార్య గోడకు చేయి ఆన్చి నిలబడి అంతా విన్నది. ఏడవలేదు. నన్ను తిడితే బాగుండునని నాకు అనిపించింది.

"యాడ రాసిన్రో ఆడనే రాయుండ్రి సార్" అన్నది. "మా పోరగాళ్లకు సూపియ్యాలె."

ఫోను తీసి టైపు చేశాను. ఆమెకు చదువు రాదు, వినిపించమన్నది. "కీమన్ అన్న మీద నాకు పొరపాటున అనుమానం కలిగింది, అందుకు విచారిస్తున్నాను" అని చదివాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "అనుమానం వచ్చుడు తప్పు గాదు సార్. మా ఆయన నౌకరీ అంత గదే. వస్తె పోయి సూసొస్తుండె, సూసి బిగిస్తుండె. మీరు గూడ పోయి సూసిన్రు గద. సూసొచ్చినంక ఇన్ని నెలలు ఎందుకు సప్పుడు జెయ్యలే? గది రాయుండ్రి."

రాసింది చెరిపేశాను. మళ్లీ రాయడానికి చాలాసేపు పట్టింది. ఆమె కదలకుండా నిలబడే ఉంది. "కీమన్ అన్నకు ఏ వెంచరుతోనూ సంబంధం లేదు. గుట్టకు వెళ్లిన రోజే ఆ సంగతి నాకు తెలుసు. నా పరువు పోతుందని మీకెవరికీ చెప్పలేదు" అని చదివి వినిపించాను.

"పంపుండ్రి" అన్నది.